ఆరోగ్య శిబిరం అయ్యాక ఏమైందో కూడా రాయండి

సంపాదకులకు నమస్కారం.

మా ప్రాంతంలో జరిగిన ఉచిత ఆరోగ్య శిబిరం గురించి పోయిన వారం మీరు వేసిన వార్త చదివి అదే రోజు ఉత్తరం రాయడానికి కూర్చున్నాను. కోపంలో రాయకూడదని నాలుగు రోజులు ఆగాను. ఆగినందువల్ల కోపమేమీ తగ్గలేదు.

వందల మందికి పరీక్షలు చేశారనీ, విశేష స్పందన వచ్చిందనీ రాశారు. జనం వచ్చిన మాట నిజమే. ఆ వరుసలో నేనూ నిలబడ్డాను. నా ముందున్నది మా పక్కింటి పెద్దాయన, 70 దాటిన మనిషి. మెట్లెక్కి వచ్చి, అరగంట నిలబడి, వంతు రాగానే వీపుకు ఆసరా లేని స్టూలు మీద కూర్చున్నారు. కూర్చున్న మరుక్షణమే చొక్కా మీదుగానే బీపీ పట్టీ చుట్టేశారు. చెయ్యి కిందికి వేలాడుతోంది. పట్టీ బిగుస్తుండగానే ఒక కార్యకర్త పేరు, వయసు, ఫోను నంబరు అడుగుతుంటే ఆయన జవాబులు చెబుతున్నారు. 158/96 అని చీటీ మీద గీకి, ‘మీకు బీపీ ఉంది, జాగ్రత్తగా ఉండండి’ అని పంపేశారు. ఎలా జాగ్రత్తగా ఉండాలో, ఎవరి దగ్గరకు వెళ్లాలో ఒక్క మాట లేదు.

బీపీ చూడటానికి ఒక పద్ధతి ఉంది. ముందుగా 5 నిమిషాలు ప్రశాంతంగా కూర్చోవాలి. వీపు కుర్చీకి, పాదాలు నేలకు ఆనాలి. చెయ్యి గుండె ఎత్తులో బల్ల మీద ఉండాలి. పట్టీ బట్టల మీద కాకుండా ఒంటికే చుట్టాలి, చూస్తున్నంతసేపూ మాట్లాడకూడదు. కాసేపాగి రెండోసారి చూడాలి. వేరే వేరే రోజుల్లో చూసినా 140/90 దాటుతుంటేనే సాధారణంగా బీపీ ఉందని నిర్ధారిస్తారు. చెయ్యి వేలాడితే అంకె పెరుగుతుంది, మాట్లాడితే పెరుగుతుంది, మెట్లెక్కి వచ్చిన వెంటనే చూసినా పెరుగుతుంది. ఆయన విషయంలో అన్నీ కలిసొచ్చాయి. ఆ రాత్రి ఆయనకు నిద్ర పట్టలేదు. చీటీని దిండు కింద పెట్టుకుని తెల్లవార్లూ మేలుకునే ఉన్నారట. మూడో రోజు డాక్టరు దగ్గర తీరికగా కూర్చోబెట్టి రెండుసార్లు చూస్తే రెండుసార్లూ మామూలుగానే ఉంది.

శిబిరంలో ఒక యువ నర్సు ఉందని కూడా చెప్పాలి. వచ్చినవాళ్లను కాసేపు కుర్చీలో కూర్చోబెడదామని రెండుసార్లు అడిగింది. వరుస పెరిగిపోతోంది, త్వరగా కానివ్వమని నిర్వాహకులు ఆమెను తొందరపెట్టారు. అంతకుముందు వేదిక మీద ప్రసంగాలకు మాత్రం గంటకు పైగా సమయం దొరికింది. ఎండలో ముసలివాళ్లు నిలబడి ఉండగా, డాక్టర్లు చేతులు కట్టుకుని కూర్చుని వినాల్సి వచ్చింది.

షుగరు పరీక్షా అంతే. ఎప్పుడు తిన్నారని ఎవరినీ అడగలేదు. పరగడుపున, అంటే కనీసం 8 గంటలు ఏమీ తినకుండా చూసినప్పుడు 126 అనే అంకె వస్తే షుగరు జబ్బు ఉండొచ్చని అర్థం. కడుపు నిండా తిని వచ్చిన మనిషికి అదే అంకె చూపించి భయపెడితే ఎలా?

ఇంతకన్నా పెద్ద ప్రమాదం మా ఇంట్లోనే జరిగింది. మా వదిన కొన్నేళ్లుగా బీపీ మాత్రలు వాడుతోంది. శిబిరంలో ఆమెకు నార్మల్ అని రాసిచ్చారు. బీపీ పోయిందనుకుని మర్నాటి నుంచే మాత్రలు మానేసింది. పది రోజుల తర్వాత తల తిరుగుతోందని ఆసుపత్రికి తీసుకెళ్తేగానీ మాకు సంగతి తెలియలేదు. ఆ నార్మల్ మాత్రల వల్ల వచ్చిందే. ‘మందులేమైనా వాడుతున్నారా, అయితే డాక్టరు చెప్పకుండా ఆపకండి’ అనడానికి ఎంతసేపు పడుతుంది?

శిబిరాలే వద్దని నేను అనడం లేదు. బీపీ ఉన్న పెద్దవాళ్లలో దాదాపు సగం మందికి అది తమకున్నట్టే తెలియదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. వెతికి పట్టుకోవాల్సిందే. కానీ ఎలా వెతకాలో అదే సంస్థ కోసం విల్సన్, యుంగ్నర్ అనే ఇద్దరు 1968లోనే పది సూత్రాలు రాసిపెట్టారు. జబ్బు బయటపడితే దాన్ని నిర్ధారించి చికిత్స చేసే ఏర్పాటు ఉండాలన్నది అందులో ఒకటి. రోగులను గుర్తించే పని ఒక్కసారితో ముగించేది కాదు, నిరంతరం సాగాలన్నది మరొకటి. ఇంతకాలమైనా మన అధికారులకు తలలు లెక్కపెట్టడమే తెలుసు. ఎంతమంది వచ్చారో నివేదికలో ఉంటుంది, ఎంతమందిని మళ్లీ పిలిచారో ఉండదు. మళ్లీ పిలవడమన్నదే లేనప్పుడు అన్ని ఫోను నంబర్లు ఎందుకు రాసుకున్నట్టు?

పంచిన కరపత్రం నా ముందే ఉంది. ఉప్పు తగ్గించండి, నడవండి, ఒత్తిడికి దూరంగా ఉండండి అని ఉంది. ఎంత ఉప్పు? రోజుకు 5 గ్రాముల లోపు, అంటే ఒక టీ చెంచాకు కాస్త తక్కువ. ప్యాకెట్లలో వచ్చే తిండిలో ఉన్న ఉప్పు కూడా ఆ లెక్కలోదే. ఎంత నడక? వారానికి కనీసం 150 నిమిషాలు, కాస్త ఆయాసం వచ్చేంత వేగంగా. ఈ రెండు ముక్కలూ రాయడానికి చోటు లేదు కానీ ప్రముఖుల ఫొటోలకు సగం పేజీ ఉంది. ఎక్కడ నడవాలో కూడా రాయలేదు. కాలిబాటల మీద వాహనాలు నిలిపి ఉంటాయి, వీధి దీపాలు వెలగవు, తెల్లవారుజామున పార్కుకు తాళం ఉంటుంది. నడవమని చెప్పే అధికారులు ఆ తాళం తీయించలేరా?

మీ పత్రికనూ ఒక మాట అనక తప్పదు. వాళ్లిచ్చిన ప్రకటనను ఉన్నదున్నట్టు అచ్చు వేశారు. ఆరోగ్య చిట్కాల పేజీలో ఒక వారం మంచిదన్న దాన్నే ఇంకో వారం మానేయమంటారు. చదివేవాళ్లు వాటిని నమ్మి పాటిస్తారండీ. మా వదిన అలా కత్తిరించి దాచుకున్న కాగితాలతో ఒక డబ్బా నిండిపోయింది.

వచ్చే నెల మళ్లీ శిబిరం ఉందని బ్యానర్లు కట్టారు. ఈసారి మీ విలేకరిని ఫొటోల వేళకు కాకుండా పరీక్షలు చేసే వేళకు పంపండి. కుర్చీలున్నాయో లేదో చూడమనండి. కిందటిసారి అంకె ఎక్కువగా వచ్చినవాళ్లలో ఎంతమందికి ఫోను చేశారో నిర్వాహకులను అడిగి, వాళ్లు చెప్పింది అచ్చు వేయండి.

ఇట్లు,
మీ పాఠకురాలు