మన లెక్కల మాస్టారి గురించి

పర్లాకిమిడి బడి మిత్రులందరికీ నమస్కారం.

మాస్టారి జ్ఞాపకాలు పంపమంటే చాలామంది పంపారు, సంతోషం. చదువుతుంటే కళ్లు చెమర్చాయి. కాకపోతే ఎక్కువమంది బెత్తం గురించే రాశారు. నిజమే, పదిహేడో ఎక్కం తడబడితే అరచెయ్యి చాపాల్సిందే. అది నాకు అప్పుడూ నచ్చలేదు, ఇప్పుడూ నచ్చదు. ఆయన లెక్క చెప్పే తీరు కూడా రాయండి.

98ని 97తో గుణించమంటే పెన్ను పట్టనిచ్చేవారు కాదు. "వందకి ఎంతెంత తక్కువరా?" అనేవారు. రెండు, మూడు. 98లోంచి మూడు తీస్తే 95. రెండు మూళ్లు ఆరు, దాన్ని 06 అని పక్కన రాయాలి. జవాబు 9506. అక్కడితో వదిలేవారా? అలా ఎందుకొస్తుందో బీజగణితంతో బోర్డు నిండా చూపించేవారు, సుద్దముక్క గోరంత అయ్యేదాకా. మన ఒడియా మిత్రులకి అదంతా ఒడియాలో మళ్లీ చెప్పేవారు. లెక్కలంటే నాకున్న టెన్షన్ పోయింది ఆయన వల్లే.

పాతపట్నం నుంచి వచ్చి చదివినవాళ్లు ఇంకా ఎవరూ రాయలేదు. ఒడియాలో రాసినా పర్వాలేదు, తెలుగు చేయిస్తాను. పాత నోటుపుస్తకాలు దాచుకున్నవాళ్లుంటే ఆయన ఎర్రసిరా దిద్దుబాట్లున్న పేజీలు ఫొటో తీసి ఆదివారంలోగా ఇక్కడే పెట్టండి.