నేర్పని పాఠానికి గ్రేడు ఎలా వేస్తున్నారు?

సంపాదకులకు నమస్కారం.

పదో తరగతి మెమోలో మార్కులతో పాటు ఇంకో నాలుగు గ్రేడ్లు కూడా ఉంటాయి, ఎవరూ పెద్దగా పట్టించుకోరు. విలువల విద్య, కళలు-సాంస్కృతిక విద్య, పని-కంప్యూటర్ విద్య, వ్యాయామ-ఆరోగ్య విద్య. మావాడికి కళల్లో 'ఎ' (A) గ్రేడు వచ్చింది. ఆరు నుంచి పది దాకా జిల్లా పరిషత్ హైస్కూల్లోనే చదివాడు, అన్నేళ్లలో డ్రాయింగ్ టీచర్ అనే మనిషిని చూసిందే లేదు. మరి ఎవరు వేశార్రా అంటే, "క్లాస్ టీచరే నాన్నా, హాజరు పట్టీ ముందేసుకుని వరసగా రాసుకుంటూ పోయారు" అన్నాడు తాపీగా.

ఆ టీచర్ని తప్పు పట్టడానికి ఈ ఉత్తరం రాయడం లేదు, ఆన్‌లైన్‌లో ఆ గడి ఖాళీగా వదిలే వీలు ఆయనకెక్కడిది. అసలు హైస్కూల్ అంటే తెలుగు, హిందీ, ఇంగ్లిష్, లెక్కలు, ఫిజికల్ సైన్స్, బయాలజీ, సోషల్. ఈ ఏడు సబ్జెక్టులకూ మనుషులుంటే ఆ హెడ్మాస్టరు అదృష్టవంతుడే. ఫిజికల్ సైన్స్ సారు ఆరు, ఏడు తరగతులకు లెక్కలు చెప్తారు, బయాలజీ మేడం ఆ తరగతులకే కరెంటు, కాంతి పాఠాలతో సహా మొత్తం సైన్స్ చెప్తారు, సోషల్ సారు చరిత్ర, భూగోళం, పౌరశాస్త్రం, అర్థశాస్త్రం అన్నీ ఒక్కరే మోస్తారు. టైం టేబుల్లో డ్రాయింగ్ అని రాసి ఉన్న పీరియడ్ సిలబస్ వెనకబడ్డ సారుకి పోతుంది. సంక్రాంతి దాటాక స్పెషల్ క్లాసులు మొదలైతే ఇక దాని ఊసే ఉండదు.

మా ఊరి బడిలో ఒకప్పుడు డ్రాయింగ్ మాస్టారు ఉండేవారు. నల్లబల్ల మీద సుద్దముక్క అడ్డంగా పట్టుకుని నాలుగు గీతల్లో కుండ గీసి, దాని నీడ ఎటు పడాలో పిల్లల్నే అడిగేవారు. ఆయన రిటైరయ్యాక ఆ కుర్చీలో మళ్లీ ఎవరూ కూర్చోలేదు.

2024లో తెలంగాణలో టీచర్ల నియామకానికి వేసిన డీఎస్సీ చూడండి. మొత్తం 11,062 పోస్టులు. ఎస్జీటీలు (ప్రాథమిక తరగతుల టీచర్లు) 6,508, స్కూల్ అసిస్టెంట్లు (హైస్కూల్ సబ్జెక్టు టీచర్లు) 2,629, భాషా పండితులు 727, పీఈటీలు (వ్యాయామ టీచర్లు) 182, మిగిలినవి ప్రత్యేక అవసరాల పిల్లల టీచర్లవి. డ్రాయింగ్, సంగీతం, క్రాఫ్ట్ పేరుతో ఒక్క పోస్టూ లేదు. విచిత్రం ఏంటంటే, అదే ప్రభుత్వ పరీక్షల విభాగం డ్రాయింగ్ లోయర్, హయ్యర్ పరీక్షలు పెడుతూ ఫీజు కట్టించుకుంటూనే ఉంది, ఎండాకాలంలో 42 రోజుల టీటీసీ (టెక్నికల్ టీచర్స్ సర్టిఫికెట్) శిక్షణ కూడా ఇస్తోంది. శిక్షణ అయ్యాక ఆ సర్టిఫికెట్ పట్టుకుని వాళ్లు ఎక్కడికి పోవాలి?

2009 విద్యాహక్కు చట్టం షెడ్యూల్లో ఆరు నుంచి ఎనిమిది తరగతులకు వంద మందికి మించి పిల్లలుంటే కళలకు, వ్యాయామానికి, పని విద్యకు పార్ట్ టైమ్ ఇన్‌స్ట్రక్టర్లు ఉండాలని స్పష్టంగా రాసి ఉంది. అంటే మనం కొత్తగా అడుగుతున్నదేమీ లేదు.

మార్కుల మాట చెప్తే తప్ప మన ఆఫీసుల్లో ఫైలు కదలదు కాబట్టి అదీ చెప్తాను. బయాలజీలో గుండె బొమ్మకి మార్కులు, సోషల్‌లో మ్యాప్ పాయింటింగ్‌కి మార్కులు, లెక్కల్లో నిర్మాణాలకి మార్కులు. పెన్సిల్ పట్టడం ఎవరూ నేర్పకుండానే ఇవన్నీ పిల్లలకి రావాలంటున్నాం. (ఇంట్లో డబ్బున్నవాళ్లు కోచింగ్ పెట్టించుకుంటారులెండి, అది వేరే కథ.)

బడికొకర్ని ఇప్పుడే వేయలేమంటే సరే, మండలంలో రెండు మూడు హైస్కూళ్లకు కలిపి ఒక డ్రాయింగ్ టీచర్ని వేయండి, వారంలో రెండేసి రోజులు తిరుగుతారు. అదీ కుదరదంటే మెమోలో ఆ గడి దగ్గర 'బోధించలేదు' అని అచ్చు వేయండి. కనీసం ఎన్ని బడుల్లో టీచర్ లేరో మెమోలు చూసి లెక్కపెట్టుకోవచ్చు.

— ఒక విద్యార్థి తండ్రి, జనగామ జిల్లా