గుంపు మేస్త్రి అయిన కొడుక్కు

చిరంజీవి పెద్దోనికి,

నాయిన దీవించి రాసేది. ఇక్కడ అందరం మంచిగున్నం. అక్షరాలు వంకరబోతె ఏమనుకోకు. ఎడమ చేతికి రెండు వేళ్లు లేవు గద, కాగితం జారుతది.

పదిమందిని పెట్టుకొని సెంట్రింగ్ గుత్త పట్టినవని మీ అమ్మ చెప్పింది. సంబురమే. కానీ ఆ రాత్రి నిద్ర పట్టలే. మన పాలమూరు లేబర్‌ల కూలోడు బతుకుతడో లేదో గానీ, గుంపు మేస్త్రి మాత్రం అందరికీ జవాబు చెప్పాలె.

నా వేళ్లు కాంక్రీటు కలిపే మిల్లర్ల పడ్డప్పుడు నాకు ముప్పై ఏండ్లు. షోలాపూర్ దిక్కు కాలువ పని. మేస్త్రి మనూరోడే, చెడ్డోడు గాదు. ఆస్పత్రికి అప్పు తెచ్చిండు. పంచాయితిల పెద్దమనుషులు తీర్పు చెప్తె ఎకరం చెలక అమ్మి కొంత నా చేతిల పెట్టిండు. నా వేళ్లు పోయినయి, ఆయన చెలక పోయింది. ఇప్పటికీ కురుమూర్తి జాతరల ఎదురుపడితె ఇద్దరం మొఖం తిప్పుకుంటం. ఎవరి తప్పూ లేదు, అయినా మాటల్లేవు.

మొన్న మహబూబ్‌నగర్ పోయి ఇన్సూరెన్స్ ఆఫీసుల కూసున్న. కూలోళ్లకు పరిహారం ఇయ్యాలని 1923ల చేసిన చట్టమంట, నేను పనికి పోయేనాటికే ఉన్నది! ఇప్పుడు 2020 సామాజిక భద్రతా కోడ్‌ల కలిపినరు. పనిల దెబ్బ తగిలితె తప్పెవరిదని చూడరు, పని ఇచ్చినోడు కట్టాల్సిందే. లెక్క సూడు: నెల కూలి ఎక్కువున్నా 15 వేల మీదనే కడతరు. ఇరవై ఐదేండ్ల పిల్లగాడు పోతె అందుల సగం, 7,500ను ఆ వయసుకు చట్టంల రాసిన 216.91తో గుణించాలె. 16 లక్షల 26 వేలు దాటుతది. అవిటితనానికైతె సగం గాదు, కూలిల నూటికి అరవై మీద లెక్క; రెండు వేళ్లు పోతె అందుల నూటికి ఇరవై వంతు. అప్పటి నా వయసుకు ఈ లెక్క వేస్తె 3 లక్షల 74 వేలు. ఆఫీసుల కాగితం మీద అది సూసి చానాసేపు లేవలేదు.

నెలల కట్టకుంటె 12 శాతం మిత్తి, ఆపైన సగం దాకా జుర్మానా. మనిషి పోయినప్పుడు పంచాయితిల ఇచ్చిన పైసలు చెల్లయి, దానికి పెట్టిన సర్కారు అధికారి దగ్గరనే జమ చెయ్యాలె. పెద్ద కంట్రాక్టర్ కట్టిండు గద అనుకోకు, తిరిగి నీ దగ్గరనే వసూలు చేస్తడు. నీకు అమ్మడానికి చెలక గూడ లేదు.

కూలోళ్ల పేరు మీద ఇన్సూరెన్స్ పాలసీ ఉంటె ఆ పైసలు కంపెనీ కడతది. కానీ జుర్మానా మాత్రం నీదే, అందుకే దెబ్బ తగిలిన రోజే వాళ్లకు చెప్పు. ఆస్పత్రి ఖర్చు అడిగి కలిపించుకో, ఊరికె రాదు. పదిమంది ఉంటె పదిమందినీ, ఇచ్చే కూలీ ఉన్నదున్నట్టు రాయించు. ప్రీమియం తగ్గుతదని ఆరుగుర్ని చూపిస్తె, పడేది ఏడోవాడే. హాజరు పుస్తకం రోజూ రాయి. నీది కోడిగీతల రాతే, తెలుసు, అయినా రాయి. అడ్డామీది నుంచి ఒక్కపూటకు తెచ్చుకున్నోని పేరు గూడ ఎక్కించు.

అమ్మ రొట్టెలు, పల్లీల పొడి బస్సుల పంపుతున్నది. సోమవారం స్లాబు అన్నవు గద. ఆదివారం రాత్రి ఫోన్ చేస్త, పాలసీ నంబరు సదివి చెప్పు.

మీ నాయిన