మొదటి తెరమీదే ‘ఆడా, మగా?’ అని అడగక్కర్లేదు

సంపాదకులకు నమస్కారం.

తలుపు తట్టిన మనిషిని లోపలికి పిలవాలా వద్దా, ఎవరితో ఊరు దాటాలి, ఎవరిని ప్రేమించాలి అన్నవి చదివేవారే తేల్చుకునే కథలను ఇంటరాక్టివ్ ఫిక్షన్ అంటున్నారు. వీటిని తెలుగులో రాయడానికి పెట్టుబడి అక్కర్లేదు. వీటిని అల్లే సాధనాల్లో 2009లో వచ్చిన ట్వైన్, 2016లో ఓపెన్ సోర్స్ అయిన (అంటే కోడ్ అందరికీ తెరిచిపెట్టిన) ఇంక్ రెండూ ఉచితమే. ఈ కథల పోటీలు పెట్టాలనుకునేవారికీ, కథల యాప్‌లు నడిపేవారికీ, రాయబోయే పిల్లలకూ మీ పత్రిక ద్వారా ఒక మాట చెప్పాలని ఈ ఉత్తరం. స్వలింగ ప్రేమికులను, ట్రాన్స్ మనుషులను (పుట్టినప్పుడు రాసిన లింగం తమది కాదనేవారిని), ఆడా మగా అన్న రెండు గడుల్లో ఇమడని వారిని ఈ కథల్లోకి తెచ్చేటప్పుడు ఇంగ్లిష్ పద్ధతిని ఉన్నదున్నట్టు దించుకుంటే మన వ్యాకరణం దగ్గరే కథ బోల్తా కొడుతుంది.

ఇంగ్లిష్ కథలు చాలావరకు మొదటి తెరమీదే ‘మీరు ఆడా, మగా, ఇతరులా?’ అని అడుగుతాయి. చదివేవారిని ‘నువ్వు’ అని పిలుస్తూ నడిచే తెలుగు కథకు ఆ ప్రశ్నతో పని లేదు. నువ్వు వచ్చావు, నువ్వు నవ్వావు, నీకు ఏడుపొచ్చింది. ఇందులో ఎక్కడా లింగం లేదు. హిందీలో ‘ఆయే’నా ‘ఆయీ’నా అన్నది తేల్చకుండా ఈ వాక్యం రాయలేరు. మన భాష ఊరికే ఇచ్చిన ఈ వెసులుబాటును మొదటి తెరమీదే పారేసుకోవద్దు. ఇంకా తేల్చుకోని పదిహేడేళ్ల పాఠకులకు ఆ ప్రశ్న లేకపోవడమే పెద్ద ఊరట.

లింగం దొడ్డిదారిన వచ్చేది పిలుపుల్లో. ఆటో డ్రైవర్ ‘ఎక్కడికన్నా?’ అంటాడు, పక్కింటావిడ ‘ఏమ్మా’ అంటుంది. ఇక్కడ అడగాల్సింది లింగం కాదు, పిలుపు. ‘మీ అమ్మమ్మ మిమ్మల్ని ఏమని పిలుస్తుంది?’ అని అడిగి నాన్నా, తల్లీ, కన్నా, బంగారం అని నాలుగు మాటలివ్వండి. వీధిలో పిలుపుకు అన్నా, అక్కా, లేదా ఉట్టి పేరు. ఎంచుకున్న మాటనే వేరియబుల్‌లో, అంటే ప్రోగ్రాం గుర్తుపెట్టుకునే గడిలో, దాచండి. దాన్ని బట్టి ఆ మనిషి ఆడో మగో ప్రోగ్రాం ఊహించకూడదు. పేరు, పిలుపు, క్రియారూపం, శరీరం, ఎవరంటే ఇష్టం అన్న ఐదింటినీ ఐదు విడి వేరియబుల్స్‌గా ఉంచాలి. ఒకదాన్నుంచి ఇంకొకటి లెక్కగట్టిన చోటే ట్రాన్స్ పాఠకులకు అవమానం జరుగుతుంది.

అసలు చాకిరీ ప్రియమైన మనిషి దగ్గర మొదలవుతుంది. ఆ పాత్ర ఆడో మగో పాఠకులు ఎంచుకునేలా రాస్తే, ‘అతను’ తీసి ‘ఆమె’ పెట్టినంత మాత్రాన సరిపోదు, క్రియ కూడా మారాలి. చివరి ముక్క ఒక్కటీ మార్చేస్తే పోలేదా అనుకుంటారు. వచ్చాడు, వచ్చింది దాకా అది నడుస్తుంది. చేశాడు, చేసింది దగ్గర ‘శ’ కాస్తా ‘స’ అవుతుంది. పడ్డాడు, పడింది దగ్గర ఒత్తు ఊడిపోతుంది. అన్నాడు, అంది, ఉన్నాడు, ఉంది కూడా అంతే. పైగా గుణింతపు గుర్తు ఒక్కటే వేరే వేరియబుల్‌లోంచి వచ్చి అతుక్కోవాల్సి వస్తే కొన్ని తెరలమీద అక్షరం విరిగి చుక్కల సున్నా కనిపిస్తుంది. అందుకే ముక్కలు అతికించవద్దు. ప్రతి క్రియనూ మొత్తంగా మూడు రూపాల్లో (చేశాడు, చేసింది, చేశారు) పట్టికలో పెట్టుకుని అక్కడినుంచి తెచ్చుకోవాలి. సన్నివేశంలో ముప్పై క్రియలుంటే తొంభై రూపాలు. విసుగు పుట్టించే పనే, కానీ ఒకసారి కట్టిన పట్టిక కథంతటికీ పనికొస్తుంది.

పట్టిక బరువు తగ్గించే వాక్యాలు భాషలోనే ఉన్నాయి. ‘తను రాలేదు’, ‘తను చెప్పలేదు’ అందరికీ ఒకటే. తనకు తెలుసు, తనకు భయమేసింది, తను రావచ్చు, తను వెళ్ళాలి అన్నా అంతే. కానీ ‘తను రాడు’ అనగానే గుట్టు బయటపడుతుంది, జాగ్రత్త. ఈ ఉపాయం శ్రుతి మించకూడదు కూడా. మూడు పేజీల పాటు ‘తన చేయి తగిలింది, తన గొంతు వినిపించింది’ అని రాస్తే మనిషి మాయమై అవయవాలు మిగులుతాయి.

ఆడా మగా కాని పాత్రకు ‘వచ్చారు’ వాడదామంటే అందులో పెద్దరికం వినిపిస్తుంది, ప్రేమలో అది దూరం. దీనికి మేము చూసినంతలో బాగా కుదిరే పద్ధతి ఇది. ఆ పాత్రే మొదటి పరిచయంలో ‘నా గురించి చెప్పేటప్పుడు వచ్చారు, వెళ్ళారు అనండి’ అని ఒక్కసారి చెప్పాలి. కథకుడి గొంతు చివరిదాకా దానికే కట్టుబడాలి. ఎదురుగా మాట్లాడేటప్పుడు మాత్రం ఇద్దరూ ‘నువ్వు’ అనుకుంటారు. పది పేజీలు గడిచేసరికి చెవికి అలవాటవుతుంది.

ట్రాన్స్ మహిళ పాత్రకు ఇంకో నియమం. తండ్రి ‘వాడొచ్చాడా?’ అనవచ్చు, స్నేహితురాలు ‘అదొచ్చిందా?’ అనవచ్చు, అది మాట్లాడేవారి నైజం. కథకుడు మాత్రం మొదటి వాక్యం నుంచీ ‘ఆమె వచ్చింది’ అనే రాయాలి. ఆమె గతం బయటపడిన సన్నివేశంలో క్రియ మారిపోవడం ఘోరమైన తప్పు. సినిమా హాస్యం అలవాటు చేసిన ‘తేడా’ అనే మాట కూడా అంతే. దుర్మార్గుడి నోట రావచ్చు గానీ కథనంలో రాకూడదు.

దగ్గరితనం చూపడానికి మన దగ్గర ఉన్న సరంజామా వేరే భాషలకు అసూయ పుట్టించేంత ఉంది. మీరు నుంచి నువ్వుకు దిగడం, నువ్వు నుంచి ‘ఏంట్రా’కు రావడం. ఆ మెట్టు దిగాలా వద్దా అన్నదే పాఠకుల చేతికివ్వండి. ముద్దు సన్నివేశం కన్నా బలంగా పనిచేస్తుంది. హైదరాబాద్ కుర్రాళ్ల ‘మామా’, కోస్తాలో మగ స్నేహితుల మధ్య నలిగే ‘బావా’ పదిమందిలో పిలిచినా ఎవరూ తలెత్తి చూడని మాటలు. ఇద్దరు మగవాళ్ల ప్రేమకథలో అదే పిలుపు దాపరికమూ అవుతుంది, ప్రేమా అవుతుంది.

‘ఇంట్లో తెలిసింది’ అని ఒకే వేరియబుల్ పెట్టడం మరో పొరపాటు. అలా పెడితే చెల్లికి చెప్పిన మరుక్షణం, ఏమీ తెలియని నాన్న మాటతీరు కూడా మారిపోతుంది. అమ్మకు, నాన్నకు, చెల్లికి, ఆఫీసుకు విడివిడిగా పెట్టండి. నాలుగింటికి పదహారు స్థితులు వస్తాయని బెదరక్కర్లేదు. పదహారు సన్నివేశాలు రాయరు కదా, ఎవరు ఎదురుపడితే వారికి తెలిసిందా లేదా అని చూసి ఒకటి రెండు వాక్యాలు మార్చితే చాలు.

మార్కులు కూడబెడితే ప్రేమ పుట్టే లెక్క మానేయాలి. ఆడవాళ్లనే ప్రేమించే అమ్మాయి పాత్రను రాసి, పురుష పాత్రలో ఉన్న పాఠకుడు ఐదు బహుమతులిచ్చాక ఆమె ‘మారిపోయినట్టు’ చూపితే, ‘నయం చేస్తాం’ అనేవాళ్ల మాటే కథ చెప్పినట్టు. ఆ చికిత్సలను 2022లో జాతీయ వైద్య కమిషనే వృత్తిపరమైన దుష్ప్రవర్తనగా ప్రకటించింది. ఆమె కాదనే సన్నివేశాన్ని ఒప్పుకునే సన్నివేశమంత శ్రద్ధగా రాయండి. స్నేహంగా సాగే దారికీ, అసలు ప్రేమే అక్కర్లేదనే దారికీ నిండైన ముగింపు ఉండాలి.

కథ విజయవాడలో జరుగుతుంటే అక్కడి చట్టం, అక్కడి ఇంటి ఓనరు కథలోకి రావాలి. 2018 సెప్టెంబర్ 6న సుప్రీంకోర్టు స్వలింగ సంబంధాలను నేరం కాదంది. 2023 అక్టోబర్ 17న వివాహ హక్కును గుర్తించడానికి నిరాకరించింది. కాబట్టి పేర్లు, క్రియలు మాత్రమే మార్చి అన్ని జంటల చేతా రిజిస్ట్రార్ ఆఫీసులో సంతకాలు పెట్టిస్తే అది నేటి విజయవాడ కాదు. ‘ఫ్యామిలీయా, బ్యాచిలర్సా?’ అనే ప్రశ్నకు ఇద్దరమ్మాయిలు ఏం జవాబు చెబుతారన్నదే ఒక మంచి కూడలి. పాత హైదరాబాద్ హిజ్రాల గురించి రాసేవారు ఇంకో సంగతి గమనించాలి. వారిపై నిఘా పెట్టిన 1919 నాటి నిజాం కాలపు చట్టాన్ని తెలంగాణ హైకోర్టు 2023 జులైలో కొట్టేసింది. అప్పటిదాకా అది చట్టాల పుస్తకంలో ఉంది.

ఇంత చేసినా చివర్లో దారుల బరువు తూచాలి. ఒక్కో ప్రేమదారికి ఎన్ని మాటలు రాశారో లెక్కపెట్టండి. అమ్మాయి అబ్బాయి దారి పన్నెండు వేల మాటలై, ఇద్దరబ్బాయిల దారి నాలుగు వేలకే ఒకరి చావుతో ముగిస్తే వేరే విమర్శ అక్కర్లేదు. ఛాయిస్‌స్క్రిప్ట్ లాంటి సాధనాల్లో కథను వేలసార్లు తనంతట తానే ఆడించి చూసే పరీక్ష ఉంది. అది తెగిన దారిని పట్టిస్తుంది గానీ, ‘ఆమె వచ్చాడు’ను పట్టించదు. దానికి మనిషి చదవాలి. క్వీర్ (పైన చెప్పిన స్వలింగ ప్రేమికులు, ట్రాన్స్ మనుషుల వంటి) తెలుగు పాఠకుల చేత చదివించి, ప్రూఫ్ రీడర్‌కు ఇచ్చినట్టే వారికీ డబ్బివ్వాలి.

పోటీలు పెట్టేవారినీ యాప్‌ల వారినీ కోరేది రెండే. ఒకటి, వయసు పరిమితి చేసే పనిని బట్టి ఉండాలి, చేసే మనుషులను బట్టి కాదు. అమ్మాయి అబ్బాయి చేయి పట్టుకుంటే అందరూ చదవొచ్చంటూ, అదే ఇద్దరమ్మాయిలు పట్టుకుంటే పద్దెనిమిది దాటినవారికే అనడం కుదరదు. రెండు, ‘కుటుంబ విలువలకు విరుద్ధం’ లాంటి సాగే మాటలు నియమావళిలోంచి తీసేసి, ఏం రాయకూడదో విడమరిచి రాయాలి. అప్పుడే రాసేవారు ధైర్యంగా పంపగలరు.

ఇట్లు,
ఎంపిక కథలు రాసేవారు కొందరు,
హైదరాబాద్