షో ఆపగలిగే ధైర్యం గురించి కూడా రాయండి

సంపాదకులకు నమస్కారం,

పోయిన వారం మీ కెరీర్ పేజీలో లైవ్ ఈవెంట్స్ రంగం గురించి వచ్చిన కథనం చదివాను, చాలా సంతోషం వేసింది, ఎందుకంటే మా పని గురించి పేపర్లో రావడమే అరుదు, వచ్చినా స్టేజ్ మీద ఉన్నవాళ్ళ ఫోటో తప్ప వెనక ఉన్నవాళ్ళ సంగతి ఎవరికీ పట్టదు. కానీ అందులో ఒక మాట నాకు అస్సలు మింగుడు పడలేదు. ఈ ఫీల్డ్‌లో పైకి రావాలంటే నిద్ర, ఇల్లు, ఆరోగ్యం అన్నీ పక్కన పెట్టి ఏం జరిగినా షో ఆగకుండా నడిపించే పట్టుదల ఉండాలి, అదే లీడర్‌షిప్ అని రాశారు. ఇది చదివి ఇప్పుడే ఈ పనిలోకి రావాలనుకుంటున్న పిల్లలు అదే నిజం అనుకుంటారేమో అని భయమేసి ఈ ఉత్తరం రాస్తున్నాను. నేను కేబుళ్ళు మోయడం దగ్గర మొదలుపెట్టి, స్టేజ్ మేనేజర్‌గా, షో కాలర్‌గా (షో నడుస్తుంటే ఎవరు ఎప్పుడు ఏం చెయ్యాలో హెడ్‌సెట్‌లో చెప్పే మనిషిగా) చేసి, ఇప్పుడు ప్రొడక్షన్ మేనేజర్‌గా పని చేస్తున్నాను. నిలబడడం అంటే ఏంటో ఈ పనే నాకు నేర్పింది, అది మీరు రాసినట్టు మాత్రం లేదు.

ముందు అసలు ఇక్కడ కెరీర్ ఎలా మొదలవుతుందో చెప్తాను. చాలామంది డిగ్రీ, సర్టిఫికెట్ అంటారు, అవి ఉంటే మంచిదే, కాదనను. కానీ మొదటి రోజు చేతికి ఇచ్చేది కేబుల్. దాన్ని మోచేతికి చుట్టేస్తే కుదరదు, ఒక చుట్టు మామూలుగా, తర్వాతి చుట్టు తిరగేసి, అలా మార్చి మార్చి వేస్తూ పోవాలి. లేకపోతే లోపల తీగ మెలి తిరిగి పాడైపోద్ది, రేపు ఇంకో వేదిక దగ్గర ఎవరో చీకట్లో దాన్ని విసిరినప్పుడు సాఫీగా పరుచుకోకుండా ముడి పడుద్ది. ఆ ఎవరో ఎవరనేది మనకి తెలీదు, వాళ్ళని ఎప్పుడూ చూడకపోవచ్చు కూడా, అయినా లోడ్ అవుట్, అంటే షో అయ్యాక సామానంతా విప్పి ట్రక్ ఎక్కించడం, అర్ధరాత్రి దాటిపోయి కాళ్ళు పీకేస్తున్నా సరే వాళ్ళ కోసం ఇది సరిగ్గా చుట్టి, టేప్ మీద పొడవు రాసి కేస్‌లో పెట్టాలి. నా టీమ్‌లోకి కొత్తగా ఎవరొచ్చినా నేను మొదట చూసేది ఇదే. గట్టిగా మాట్లాడేవాళ్ళు, కాన్ఫిడెన్స్ ఉన్నవాళ్ళు బోలెడుమంది వస్తారు, ఎవరూ చూడనప్పుడు కేబుల్ సరిగ్గా చుట్టేవాళ్ళు తక్కువ, తర్వాత క్రూని నడిపించేది ఎక్కువగా వాళ్ళే.

షో కాలింగ్ గురించి కూడా ఒక మాట, ఎందుకంటే బయటివాళ్ళకి అది అరుపులు కేకల పనిలా అనిపిస్తుంది. హెడ్‌సెట్‌లో లైట్స్, సౌండ్, వీడియో, స్టేజ్ పక్కన ఉన్నవాళ్ళు అందరూ వింటూ ఉంటారు, నువ్వు ముందు స్టాండ్‌బై చెప్పాలి, వాళ్ళు రెడీ అని తిరిగి చెప్పాలి, అప్పుడు సరైన క్షణంలో గో అనాలి. నీ గొంతులో కంగారు ఉంటే ఒక్క సెకన్లో అందరికీ అంటుకుంటుంది. మైక్ చచ్చిపోయిందా, జెనరేటర్ ట్రిప్ అయిందా, ఆర్టిస్ట్ ఇంకా కారులోనే ఉన్నారా, ఏదైనా సరే అదే గొంతుతో తర్వాత ఏం చెయ్యాలో చెప్పాలి. 1985 జూలై 13న లండన్‌లో, ఫిలడెల్ఫియాలో ఒకే రోజు జరిగిన లైవ్ ఎయిడ్ అనే విరాళాల కచేరీలో, లండన్ వెంబ్లీ స్టేడియంలో, ప్రపంచమంతా టీవీలో చూస్తుండగా బీటిల్స్ గాయకుడు పాల్ మెకార్ట్‌నీ పియానో దగ్గర కూర్చుని పాడుతుంటే పాట మొదట్లో కాసేపు ఆయన మైక్ పనిచెయ్యలేదు. ఆయన పాడుతూనే ఉన్నాడు, జనం అందుకుని పాడారు, వెనక క్రూ సరిచేశారు. అంత పెద్ద షోలోనే అలా అయ్యింది కాబట్టి మనకి అవ్వదులే అనుకోడానికి లేదు. అందుకే స్పేర్ మైక్ ఆన్ చేసి చెక్ చేసి, ఎవరి చేతిలో ఉంటుందో రన్ షీట్‌లో, అంటే షో మొత్తం వరస రాసుకున్న కాగితంలో, పేరుతో సహా రాసి పెట్టుకుంటాం. బయటికి ఓర్పులా కనిపించేదాంట్లో సగం ముందురోజు చేసిన పేపర్ వర్కే.

ఈ పేపర్ వర్క్ విలువ నాకు బాగా తెలిసొచ్చింది మా అమ్మ విషయంలో. ఒక పెద్ద షోకి లోడ్ ఇన్, అంటే సామాను దించి స్టేజ్ కట్టడం, జరుగుతుండగా అమ్మని ఐసీయూలో చేర్చారని ఫోన్ వచ్చింది. షో కాల్ చెయ్యాల్సింది నేను. అప్పటి మా ప్రొడక్షన్ మేనేజర్ నా మొహం చూసి ఏమైందని అడిగి, నా చేతిలోంచి క్యూ షీట్ (ఏ క్షణంలో ఎవరికి గో చెప్పాలో రాసిన కాగితం) తీసుకుని "అన్నీ ఇందులో ఉన్నాయి కదమ్మా, నువ్వు బయల్దేరు, ఇక్కడ మేం చూసుకుంటాం" అన్నారు, అంతే, ఇంకో మాట అనలేదు. నా అసిస్టెంట్ ఆ షీట్ చూసి షో మొత్తం కాల్ చేసింది, ఎక్కడా తడబడలేదు. నేను అమ్మ దగ్గర ఉన్నాను, ఆఖరి వరకూ ఉన్నాను. తర్వాత కొన్నాళ్ళు నేను ఏ పనీ చెయ్యలేకపోయాను, అప్పుడు కూడా ఆయనే చిన్న చిన్న పగటి ఈవెంట్స్ ఇచ్చి, నైట్ షోలు ఇవ్వకుండా మెల్లగా మళ్ళీ పనిలోకి తీసుకొచ్చారు. దీనికి ముందు పనిచేసిన ఇంకో చోట పరిస్థితి వేరు, అక్కడ ఒకబ్బాయి భార్య డెలివరీకి వెళ్ళాడని అతనికి తర్వాత టూర్ ఇవ్వలేదు, కమిట్‌మెంట్ లేదన్నారు. ఆ చోట బలంగా ఉన్నట్టు కనిపించినవాళ్ళు ఒక్కొక్కరే పనే మానేశారు. నేను ఇన్నేళ్ళు ఈ పనిలో నిలబడ్డానంటే నాలో ఏదో ప్రత్యేకమైన గుండె ధైర్యం ఉండి కాదు, నేను పడిపోయినప్పుడు పట్టుకునేవాళ్ళు ఉన్నారు కాబట్టి. లీడర్ లేకపోతే ఆగిపోయే షో ఉందంటే ఆ లీడర్ పని పూర్తి చెయ్యనట్టే అని నేను గట్టిగా నమ్ముతాను.

వ్యక్తిగత పట్టుదల గొప్పది కాదని నేను అనట్లేదు. బిల్ గ్రాహం అనే ప్రమోటర్, అంటే కచేరీలు పెట్టించే మనిషి, జీవితం చూడండి. 1931లో బెర్లిన్‌లో యూదు కుటుంబంలో పుట్టాడు, పుట్టిన కొద్దిరోజులకే తండ్రి పోయాడు, తల్లి పిల్లల్ని పెంచలేక అనాథాశ్రమంలో పెట్టింది, అక్కడినుంచి ఫ్రాన్స్ చేరి, నాజీలు వస్తే అక్కడినుంచి కూడా తప్పించుకుని 1941లో అమెరికాకి వచ్చాడు, న్యూయార్క్‌లోని బ్రాంక్స్‌లో ఒక పెంపుడు కుటుంబం దగ్గర పెరిగాడు. తల్లిని నాజీలు చంపేశారు. అలాంటి మనిషి 1965లో శాన్‌ఫ్రాన్సిస్కోలో ఒక నాటక బృందానికి కోర్టు ఖర్చుల కోసం నిధుల షో పెట్టి అక్కడినుంచి ఫిల్‌మోర్ హాలుతో రాక్ కచేరీలు నడిపే తీరునే మార్చేశాడు. 1985 మేలో ఆయన ఆఫీసు మీద ఎవరో బాంబు వేసి తగలబెట్టారు, ఏళ్ళ తరబడి దాచుకున్న పోస్టర్లు, జ్ఞాపకాలు కాలిపోయాయి, సుమారు రెండు నెలలకే ఫిలడెల్ఫియాలో లైవ్ ఎయిడ్ షో నడిపించాడు. ఇది చదివితే ఎవరికైనా ఒళ్ళు జలదరిస్తుంది. అయితే ఆయన కోపం, అరుపులు కూడా అంతే ఫేమస్, మా ఫీల్డ్‌లో చాలామంది ఆయన లాంటివాళ్ళ నుంచి ఆ అరుపులే లీడర్‌షిప్ అని నేర్చుకున్నారు. నాకు మాత్రం ఆయనలో నచ్చేది వేరే. ఫిల్‌మోర్‌కి వచ్చే జనం ఉచితంగా తీసుకోడానికి ఒక పీపా నిండా ఆపిల్ పండ్లు పెట్టించేవాడు. టికెట్ తీసుకున్నవాడు నా ఇంటికొచ్చిన మనిషి అనుకుంటే తప్ప ఆ ఆలోచన రాదు. కొత్త పిల్లలు ఆయన్నుంచి నేర్చుకోవాల్సింది ఆ పీపా.

ఇప్పుడు అసలు విషయం, ఏం జరిగినా షో ఆగకూడదు అనే మాట. 2011 ఆగస్టు 13న అమెరికాలో ఇండియానా స్టేట్ ఫెయిర్‌లో ప్రధాన కచేరీ మొదలయ్యే ముందు, గాలివానకి ముందొచ్చే ఈదురుగాలికి స్టేజ్ పైకప్పు జనం మీద కూలిపోయి ఏడుగురు చనిపోయారు. తుఫాను వస్తోందని వాళ్ళకి తెలుసు. తర్వాత విచారణలో రెండు విషయాలు తేలాయి, ఒకటి ఆ నిర్మాణం నిబంధనలకి తగ్గట్టు లేదు, రెండోది షో వాయిదా వెయ్యాలా వద్దా అని ఆఖరి నిర్ణయం ఎవరిదో అక్కడున్నవాళ్ళకే స్పష్టత లేదు. పదేళ్ళ తర్వాత 2021 నవంబర్ 5న హ్యూస్టన్‌లో ఆస్ట్రోవరల్డ్ అనే సంగీత ఫెస్టివల్‌లో తొక్కిసలాటలో పదిమంది పోయారు, అందులో తొమ్మిదేళ్ళ పిల్లవాడు కూడా ఉన్నాడు. జనంలో మనుషులు కుప్పకూలుతున్నారని తెలిశాక కూడా షో చాలాసేపు నడిచింది. ఆ ఈవెంట్ ప్లాన్‌లో షో ఆపే అధికారం ఇద్దరికే రాసుంది. ఇద్దరు, అంతమంది జనానికి! బారికేడ్ దగ్గర నిలబడి జనం మొహాలు చూస్తున్న సెక్యూరిటీ పిల్లవాడి దగ్గర్నుంచి ఆ ఇద్దరి దాకా మాట వెళ్ళేలోపు ఎన్ని చెవులు దాటాలి, ఎంతమంది "ఇంకొంచెం చూద్దాం" అనాలి ఆలోచించండి.

చదరపు మీటరుకి ఏడుగురు దాకా చేరితే జనం ఇక విడి విడి మనుషుల్లా ఉండరు, మొత్తం నీళ్ళలా కదులుతారు, ఎవరూ తోయకపోయినా అల వచ్చేస్తుంది, ఊపిరి తీసుకోడానికి ఛాతీ విప్పారే చోటు ఉండదు, చాలామంది నిలబడే చనిపోతారు. ఇది స్టేజ్ మీద ఉన్నవాళ్ళకి లైట్ల వెలుగులో కనపడదు. కనపడేది ముందు వరసలో ఉన్న కుర్రాళ్ళకే. అందుకే ఇప్పుడు నేను చేసే ప్రతి షోకి ముందు షో స్టాప్ రిహార్సల్ చేయిస్తాను. ఎవరు చెప్తే ఆపుతాం, సౌండ్ ఎవరు తగ్గిస్తారు, ఆర్టిస్ట్ చెవిలో ఎవరు చెప్తారు, జనం మీద లైట్లు ఎవరు వేస్తారు, అనౌన్స్‌మెంట్‌లో ఏ మాటలు చదవాలి అన్నీ ముందే కాగితం మీద ఉంటాయి, ఒకసారి నిజంగా చేసి చూస్తాం. గాలి వేగం కొలిచే మీటర్ రూఫ్ మీద ఉంటుంది, ఎంత వేగానికి వీడియో వాల్ దించాలో, ఎంతకి స్టేజ్ ఖాళీ చెయ్యాలో ఆ స్ట్రక్చర్ ఇంజనీర్ ఇచ్చిన అంకెలు నా జేబులో ఉంటాయి, ఆ అంకె వస్తే ఇంక చర్చ ఉండదు, ఎంత పెద్ద క్లయింట్ పక్కన నిలబడి ఉన్నా సరే. క్లయింట్లకి మొదట్లో ఇది నచ్చదు, అపశకునంలా చూస్తారు, టైమ్ వేస్ట్ అంటారు. నేను మాత్రం ఈ విషయంలో ఒక్క అడుగు కూడా వెనక్కి వెయ్యను, దీనివల్ల పోయిన కాంట్రాక్టులు ఉన్నాయి, పోనివ్వండి.

2020 గురించి రాయకుండా ఉండలేను. ప్రపంచమంతా ఒక్కసారిగా షోలు ఆగిపోయాయి, టోక్యో ఒలింపిక్స్ ఏడాది వెనక్కి వెళ్ళి దాదాపు ప్రేక్షకులు లేకుండానే జరిగాయి, ఇంగ్లండ్‌లో జరిగే గ్లాస్టన్‌బరీ సంగీత ఫెస్టివల్ 2020, 2021 రెండేళ్ళూ జరగలేదు. మా పనిలో ఎక్కువమంది ఫ్రీలాన్సర్లు, షో లేకపోతే ఆ రోజు కూలి లేదు. నాకు తెలిసిన రిగ్గర్ (స్టేజ్ పైన లైట్లు, స్పీకర్లు వేలాడదీసే మనిషి) ఒకాయన బిల్డింగ్ పనుల్లో పరంజాలు కట్టాడు, లైటింగ్ ప్రోగ్రామర్ ఒకమ్మాయి డెలివరీలు చేసింది. షోలు తిరిగి మొదలయ్యాక చాలామంది వెనక్కి రాలేదు, వాళ్ళకి రెగ్యులర్ జీతం, రాత్రి నిద్ర అలవాటయ్యాయి, నేను వాళ్ళని తప్పు పట్టను. కానీ వాళ్ళతోపాటు పదేళ్ళ ఇరవయ్యేళ్ళ అనుభవం వెళ్ళిపోయింది, కొత్తవాళ్ళకి పక్కన నిలబడి నేర్పేవాళ్ళు తగ్గిపోయారు. పట్టుదల లేక వెళ్ళిపోయారు అనే మాట ఎక్కడైనా వింటే నాకు నిజంగా బాధేస్తుంది. ఇల్లు గడవని మనిషికి పట్టుదల పాఠం చెప్పడం న్యాయం కాదు, టైమ్‌కి పేమెంట్, షిఫ్ట్‌కి షిఫ్ట్‌కి మధ్య నిద్రపోయేంత గ్యాప్, దెబ్బ తగిలితే ఇన్సూరెన్స్, ఇవి ఉంటే మనుషులు వాళ్ళంతట వాళ్ళే నిలబడతారు. లోడ్ అవుట్ అయ్యాక నిద్ర లేకుండా ట్రక్ నడుపుకుంటూ వెళ్ళే డ్రైవర్‌ని చూసి శభాష్ అనే అలవాటు మా ఫీల్డ్‌లో ఇంకా ఉంది, అది పోవాలి.

ఈ పనిలోకి రమ్మనే నేను పిల్లలకి చెప్తాను, ముఖ్యంగా ఆడపిల్లలకి. గేట్ దగ్గర ఇప్పటికీ కొన్నిసార్లు నన్ను ఎవరి తాలూకు అని అడుగుతారు, క్రూ పాస్ చూపించినా నా వెనక ఉన్న మగ అసిస్టెంట్‌నే సార్ అని పిలుస్తారు, అయినా లైట్లు ఆరి వేలమంది ఒక్కసారిగా నిశ్శబ్దం అయ్యే ఆ ఒక్క క్షణం కోసం నేను ఎన్నిసార్లైనా ఈ పనే ఎంచుకుంటాను.

కాబట్టి సంపాదకులకి నా విన్నపం ఏంటంటే ఈసారి ఇలాంటి కథనం వేసేటప్పుడు కంపెనీ ఓనర్లతో పాటు ఒక రిగ్గర్‌ని, ఒక స్టేజ్ హ్యాండ్‌ని, బారికేడ్ దగ్గర నిలబడే ఒక సెక్యూరిటీ మనిషిని కూడా అడిగి రాయండి. ఇంటర్వ్యూకి వెళ్ళే పిల్లలు అడగాల్సిన ప్రశ్నలు ఒక బాక్స్ కట్టి ఇవ్వండి, అందులో మొదటివి ఈ రెండూ పెట్టండి: మీ షోలో ప్రమాదం కనిపిస్తే ఆపమని చెప్పే హక్కు నాకు ఉంటుందా, చెప్తే ఆ మాట ఎవరి దాకా ఎంతసేపట్లో వెళ్తుంది? జవాబు సరిగ్గా చెప్పలేని కంపెనీలో చేరొద్దని కూడా రాయండి.

ఇట్లు,
ఒక ప్రొడక్షన్ మేనేజర్