వార్షిక నివేదిక 2025-26: కేబులింగ్ పునాది తరగతులు, లైన్ల భద్రత, ఉమ్మడి పనిముట్లు

సభ్యులందరికీ నమస్కారం.

కేబుల్, ఇంటర్నెట్ లైన్ల పనివాళ్ల సంఘంగా ఈ ఏడాది మనం ఎక్కువ శ్రద్ధ పెట్టింది ఆదివారం తరగతుల మీద. పనిలోకి కొత్తగా వచ్చే కుర్రాళ్లు పక్కవాళ్లను చూసి నేర్చుకుంటారు. చెయ్యి తిరుగుతుంది, కానీ ఎందుకలా చేస్తున్నామో తెలియదు. టెస్టర్‌లో లైట్లు వెలిగితే లైను అయిపోయిందనుకుని నిచ్చెన దించేస్తారు. కొలిచి, ఆ అంకె రాసి పెట్టాకే లైను అప్పగించాలనే అలవాటు చేయించడానికే ఈ తరగతులు పెట్టాం.

రాగి కేబుల్

మొదటి నాలుగు వారాలు క్యాట్6 (నాలుగు మెలికల జతలుగా ఎనిమిది తీగలుండే నెట్‌వర్క్ కేబుల్) మీదే గడిచాయి. ఒక్కొక్కరికి 20 ఆర్‌జే45 కనెక్టర్లు (కేబుల్ కొసకు పెట్టే ఎనిమిది పిన్నుల ప్లగ్గులు), 15 మీటర్ల కేబుల్ ఇచ్చాం. కనెక్టర్‌లో తీగలు పెట్టే టీ568బీ వరుస: వైట్ ఆరెంజ్, ఆరెంజ్, వైట్ గ్రీన్, బ్లూ, వైట్ బ్లూ, గ్రీన్, వైట్ బ్రౌన్, బ్రౌన్. రెండు కొసల్లోనూ ఇదే. వరుస నోటికి రావడానికి ఒక్క పూట చాలు. గ్రీన్ జత 3, 6 పిన్నులకు విడిపోయి, మధ్యలో బ్లూ జత ఎందుకు కూర్చుందో అర్థం కావడానికే సమయం పడుతుంది.

అది తెలియనివాళ్లు చేసే తప్పు ఒకటుంది. జతలను పక్కపక్కనే, అంటే 1-2, 3-4, 5-6, 7-8గా పెట్టి రెండు కొసలూ అలాగే క్రింప్ చేస్తారు, అంటే కనెక్టర్‌ను తీగల మీద నొక్కి బిగిస్తారు. ఎనిమిది లైట్ల టెస్టర్ పెడితే 1 నుంచి 8 దాకా చక్కగా వెలుగుతాయి, ఎందుకంటే ఏ తీగా తెగలేదు, ఏదీ తారుమారు కాలేదు. కానీ పరికరం 3, 6 పిన్నులను ఒక జతగా వాడుతుంది. ఆ రెండు తీగలూ ఇప్పుడు వేర్వేరు మెలికల్లో ఉన్నాయి. ఒక జతలో తీగలు ఒకదాన్నొకటి చుట్టుకుని ఉంటేనే బయటి నాయిస్ రద్దవుతుంది. ఇక్కడ రద్దు కాకపోగా, ఒక జత సిగ్నల్ ఇంకో జతలోకి దూరుతుంది. రెండు మీటర్ల ప్యాచ్ కార్డులో ఏమీ తెలియదు. పొడవు పెరిగేకొద్దీ ప్యాకెట్లు పోతాయి, స్పీడు పడిపోతుంది, మనం రూటర్‌ను తిట్టుకుంటాం. అందుకే 40 మీటర్ల చుట్ట ఒకటి తీసుకుని సరైన వరుసతో ఒకసారి, ఈ తప్పు వరుసతో ఒకసారి క్రింప్ చేసి, రెండుసార్లూ ఫైలు కాపీ చేయించి చూపించాం. లైట్ల టెస్టర్ దీన్ని పట్టుకోలేదు. జతల మధ్య క్రాస్‌టాక్ (ఒక జత సిగ్నల్ ఇంకో జతలోకి దూరడం) కొలిచే టెస్టర్ కావాలి. అది లేనప్పుడు కనెక్టర్ లోపలికి కళ్లు పెట్టి రంగులు చూడటం తప్ప దారి లేదు.

ఇంకో గుర్తు: గిగాబిట్ (1000 ఎంబీపీఎస్) పోర్టు రెండు వైపులా ఉండి స్పీడు టెస్ట్ 94, 95 ఎంబీపీఎస్ దగ్గర ఆగిపోతే, లింకు 100కి పడిపోయినట్టే. 100 ఎంబీపీఎస్‌కు 1, 2, 3, 6 తీగలు చాలు, గిగాబిట్‌కు ఎనిమిదీ కావాలి. కాబట్టి ముందు 4, 5, 7, 8 పిన్నులు చూడండి. చాలాసార్లు ఒక తీగ కనెక్టర్ చివరిదాకా వెళ్లకుండానే క్రింప్ అయిపోయి ఉంటుంది.

మెలిక విప్పేది 13 మిల్లీమీటర్లకు మించకూడదు. లాగే బలం 11 కిలోలు దాటకూడదు. వంపు వ్యాసార్థం కేబుల్ మందానికి నాలుగు రెట్లు, అంటే క్యాట్6కు సుమారు 25 మిల్లీమీటర్లకు తగ్గకూడదు. గోడలో ఉండిపోయే లైను 90 మీటర్లు, రెండు వైపుల ప్యాచ్ కార్డులు కలిపి 10 మీటర్లు, మొత్తం 100. కరెంటు వైర్లతో ఒకే పైపులో ఎప్పుడూ వేయొద్దు. దాటాల్సి వస్తే అడ్డంగా, లంబకోణంలో దాటించండి.

అల్యూమినియం మీద రాగి పూత పూసిన కేబుల్ గురించి సంఘం మాట ఖరాఖండిగా ఉంది: కొనొద్దు, వేయొద్దు. డబ్బా మీద సీసీఏ అని చిన్న అక్షరాల్లో ఉంటుంది, కొన్నిసార్లు అదీ ఉండదు. తీగను బ్లేడుతో గీకితే లోపల వెండి రంగు కనిపిస్తుంది. ఇంకా గట్టి పరీక్ష మల్టీమీటర్‌తో. 305 మీటర్ల డబ్బా తెరిచి, లోపలి కొసలో ఒక జత తీగలను కలిపి, బయటి కొసలో ఓమ్స్ కొలవండి. 23 గేజ్ (తీగ మందం కొలత) మంచి రాగికి 40 నుంచి 45 దగ్గర వస్తుంది. ప్రమాణం ఒక్కో తీగకు 100 మీటర్లకు 9.38 ఓమ్స్ దాకా ఒప్పుకుంటుంది కాబట్టి, ఆ లెక్కన 57 దాటిన డబ్బా వెనక్కి ఇచ్చేయాల్సిందే. అల్యూమినియం నిరోధం రాగికి సుమారు ఒకటిన్నర రెట్లకు పైన. పీఓఈ కెమెరా (నెట్‌వర్క్ కేబుల్ నుంచే కరెంటు తీసుకునేది) పగలంతా బాగుండి చీకటి పడగానే ఆగి ఆగి మొదలవుతోందంటే కారణం తరచూ ఇదే: ఇన్‌ఫ్రారెడ్ లైట్లు వెలగగానే కెమెరా ఎక్కువ కరెంటు లాగుతుంది, దూరపు కొసలో వోల్టేజి పడిపోతుంది.

ఫైబర్

నేర్చుకునేవాళ్లకు ముందు కేబుల్‌లోని ఫైబర్లను గుర్తుపట్టే రంగులు: బ్లూ, ఆరెంజ్, గ్రీన్, బ్రౌన్, స్లేట్, వైట్, రెడ్, బ్లాక్, యెల్లో, వయొలెట్, రోజ్, ఆక్వా. పన్నెండూ తడబడకుండా చెప్పగలిగాకే స్ప్లైసింగ్ యంత్రం (రెండు ఫైబర్ కొసలను కరిగించి అతికేది) దగ్గర కూర్చోబెట్టాం.

జాయింట్ చేసే క్రమం: అన్నిటికన్నా ముందు స్లీవ్ (జాయింట్‌ను కాపాడే గొట్టం) ఎక్కించాలి. ఇది మరిచిపోతే జాయింట్ ఎంత బాగా వచ్చినా తెంపి మళ్లీ చేయాలి, మొదటి రెండు వారాలు అందరూ మరిచిపోయేది ఇదే. తర్వాత 250 మైక్రాన్ల పూత ఒలిచి, 125 మైక్రాన్ల గాజును 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవాలి. తుడిచాక వేలు తగలకూడదు. క్లీవ్ చేయాలి (కొసను నున్నగా తెంపాలి), ఆర్క్ ఇవ్వాలి (విద్యుత్ మెరుపుతో కొసలను కరిగించి అతకాలి), యంత్రం చూపే నష్టం 0.05 డీబీ (వెలుతురు ఎంత తగ్గిందో చెప్పే కొలత) దాటితే మళ్లీ చేయాలి. కట్ చేసిన గాజు ముక్కలు మూత ఉన్న సీసాలోకే వెళ్లాలి. చర్మంలో దిగితే కంటికి కనపడవు. పని జరిగే చోట టీ, టిఫిన్ వద్దన్న నియమం అందుకే. ఫైబర్ కొసను కంటికి ఎదురుగా పెట్టి చూడొద్దు. అందులో వచ్చే వెలుతురు కంటికి కనిపించదు, హాని మాత్రం చేస్తుంది.

ఎక్కువ ఆదివారాలు లెక్కకే ఇచ్చాం. జీపాన్ లైనులో (ఒక ఫైబర్‌ను చాలా ఇళ్లకు పంచే పద్ధతి) ఓఎల్‌టీ, అంటే ఆపరేటర్ వైపు యంత్రం, +3 డీబీఎం (వెలుతురు బలం కొలత) పంపుతోందనుకోండి. నష్టాలు డీబీలో: 1:8 స్ప్లిట్టర్‌కు (వెలుతురును ఎనిమిది దారులకు పంచేది) 10.5, 1:4కు 7.3, 4 కిలోమీటర్ల ఫైబర్‌కు కిలోమీటరుకు 0.35 చొప్పున 1.4, నాలుగు కనెక్టర్లకు 2, నాలుగు జాయింట్లకు 0.4. మొత్తం నష్టం 21.6 డీబీ. అంటే ఇంటి దగ్గర మీటరు -18.6 చూపాలి. బీ ప్లస్ తరగతి ఓఎన్‌టీ (ఇంట్లో పెట్టే ఫైబర్ పెట్టె) -27 దాకా పనిచేస్తుంది కాబట్టి, మీటరు -25 చూపించినా నెట్ వస్తుంది, పనివాడు వెళ్లిపోతాడు. కానీ లెక్కకూ మీటరుకూ మధ్య 6 డీబీ ఎక్కడో పోయింది. కనెక్టర్ మీద దుమ్మో, పెట్టె మూతలో నలిగిన వంపో ఉంది. అది ఈ రోజు పట్టుకోకపోతే ఎండాకాలంలోనో వానల్లోనో ఓఎన్‌టీ మీద రెడ్ లైటై పిలుస్తుంది. ఇళ్లలో జాయింట్ బదులు పెట్టే ఫాస్ట్ కనెక్టర్లు కూడా ఇలాగే ఇబ్బంది పెడతాయి. లోపలి జెల్ కాలంతో ఎండి నష్టం పెరుగుతుంది. స్ప్లైస్ చేసే వీలున్న చోట అవి వాడకండి.

ఆకుపచ్చ ఎస్‌సీ ఏపీసీ కనెక్టర్ కొస 8 డిగ్రీల వాలుతో ఉంటుంది, నీలం యూపీసీకి ఆ వాలు ఉండదు. రెండూ ఒకే అడాప్టర్‌లో దూరతాయి, కానీ కొసలు సరిగా ఆనవు. పచ్చకు పచ్చే పెట్టాలి.

స్తంభాలు

2025 ఆగస్టులో హైదరాబాద్ రామంతాపూర్‌లో ఊరేగింపు రథానికి కరెంటు తగిలి ప్రాణాలు పోయాక, విద్యుత్ స్తంభాల మీది కేబుళ్లను తెంచడం మొదలైంది. మన లైన్లు కూడా ఆ స్తంభాల మీదే ఉన్నాయి. ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వ ఫైబర్ గ్రిడ్ కూడా చాలావరకు విద్యుత్ స్తంభాల మీదుగానే వెళ్తుంది. కాబట్టి స్తంభం మీద పని తప్పదు, దాన్ని శుభ్రంగా చేయడం మన చేతిలో ఉంది.

ఈ ఏడాది వాడకంలో లేని లైన్లు గుర్తించి దించే పని వార్డుల వారీగా మొదలుపెట్టాం. నియమాలు ఇవి: చచ్చిన లైనును కట్ చేసి వదిలేయకుండా రెండు కొసలనుంచీ పూర్తిగా దించాలి. మిగులు చుట్టలు స్తంభానికి వేలాడదీయకుండా జాయింట్ బాక్స్ దగ్గరే బ్రాకెట్‌కు కట్టాలి. ప్రతి కేబుల్‌కూ ప్రతి స్తంభం దగ్గరా ఆపరేటర్ గుర్తుతో ట్యాగ్ ఉండాలి. ఇనుప తీగ ఆసరాగా ఉన్న పాత కోయాక్సియల్ (టీవీ కేబుల్), డ్రాప్ కేబుళ్లను (స్తంభం నుంచి ఇంటికి వెళ్లేవి) ముందు తీయాలి, ఎందుకంటే పైనుంచి కరెంటు తీగ తెగిపడితే ఆ ఇనుము మీదుగానే అది కిందికి వస్తుంది. వాటి చోట లోహం లేని డ్రాప్ ఫైబర్ వేయాలి. వాన పడుతుండగా, ఒంటరిగా, స్తంభం ఎక్కొద్దు. రెండు భవనాల మధ్య రాగి లాన్ కేబుల్ కూడా వద్దు. పిడుగు దగ్గర్లో పడితే రెండు వైపుల స్విచ్‌లూ కాలిపోతాయి. ఫైబర్, రెండు మీడియా కన్వర్టర్లు (రాగి సిగ్నల్‌ను వెలుతురుగా, వెలుతురును తిరిగి సిగ్నల్‌గా మార్చేవి) పెట్టండి.

పనిముట్లు, లెక్కలు

జమాఖర్చుల పట్టిక విడిగా జతచేశాం. ఉమ్మడి పనిముట్లు: స్ప్లైసింగ్ యంత్రం, క్లీవర్, పవర్ మీటర్, రెడ్ లైట్ పెన్ను, ఓటీడీఆర్ (ఫైబర్‌లో లోపం ఎంత దూరంలో ఉందో చూపేది). తీసుకెళ్లేవాళ్లు రిజిస్టర్‌లో సంతకంతో పాటు ఆ రోజు చేసిన జాయింట్ల సంఖ్య రాయాలి. మన క్లీవర్ బ్లేడుకు 16 స్థానాలున్నాయి. ఎప్పుడు తిప్పాలో ఆ సంఖ్యను బట్టే తెలుస్తుంది. ఇప్పటిదాకా సగం మంది రాయడం లేదు, ఈ నెల నుంచి ఆ గడి ఖాళీగా ఉంటే యంత్రం ఇవ్వకూడదని కార్యవర్గం తీర్మానించింది. యంత్రం తిరిగి ఇచ్చేటప్పుడు వీ గాడిని (ఫైబర్ కూర్చునే సన్నని గాడి) పొడి దూదిపుల్లతో తుడిచి, బ్యాటరీ చార్జింగ్‌లో పెట్టి వెళ్లండి.