వీపు ఆనని బెంచీలు

సంపాదకుల వారికి,

నమస్కారం. రెండేళ్ల కిందట మోకాలి ఆపరేషన్ అయ్యాక డాక్టరు రోజూ అరగంట నడవమన్నారు. అప్పట్నుంచి మా వీధి చివరి పార్కే నాకు దిక్కు.

ఈమధ్య ఆ పార్కుకు కొత్త సొగసులు అద్దారు. ఫొటోలో బాగానే ఉంది. పాత చెక్క బెంచీలు మాత్రం పోయి వాటి బదులు నున్నటి గ్రానైట్ దిమ్మెలొచ్చాయి. వీపు ఆనదు, చేతికి పట్టు దొరకదు. మోకాళ్లు అరిగినవాళ్లకు కూర్చోవడం కన్నా లేవడమే కష్టం. పాత బెంచీ చేతుల మీద బరువేసి లేచేదాన్ని. ఇప్పుడు పక్కవాళ్లను చెయ్యందించమని అడగాలి. రెండుసార్లు అడిగాను. మూడోసారి మొహమాటమేసి అసలు కూర్చోలేదు. పైగా దిమ్మెలన్నీ ఎండలోనే; పొద్దెక్కితే వాటి మీద చెయ్యి కూడా పెట్టలేం.

పాత బెంచీలు ఎదురెదురుగా ఉండేవి, నలుగురం ముఖాలు చూసుకుంటూ మాట్లాడుకునేవాళ్లం. ఈ దిమ్మెలు రైల్వే ప్లాట్‌ఫాం మీద లాగా ఒకే వరస. మాలో ఒకావిడకు చెవులు సరిగా వినపడవు, పెదాలు చూసి మాట అర్థం చేసుకుంటుంది. ఆవిడ రావడమే మానేసింది.

చెట్లున్నాయి కానీ మొదళ్ల దాకా టైల్స్ బిగించేశారు. నీడ ఒక్కటే కాదు, ఆకులు నీటిని ఆవిరిగా వదలడం వల్ల కూడా చెట్టు కింద అంత చల్లగా ఉంటుంది. వాన నీళ్లే ఇంకకపోతే ఆ చల్లదనం ఎన్నాళ్లు?

1984లో రోజర్ ఉల్రిచ్ అనే పరిశోధకుడు సైన్స్ పత్రికలో ఓ సంగతి రాశారు. పిత్తాశయం ఆపరేషన్ అయినవాళ్లలో, కిటికీలోంచి చెట్లు కనిపించినవాళ్లు ఇటుక గోడ కనిపించినవాళ్ల కన్నా త్వరగా ఇంటికెళ్లారట, ఘాటైన నొప్పి మందులూ తక్కువే వాడారట. చూసింది 46 మందినే, పెద్ద లెక్కేం కాదు. కానీ ఆపరేషన్ తర్వాత వారం రోజులు పక్క భవనం ఏసీ పెట్టెలు చూస్తూ పడుకున్నదాన్ని, నాకు నమ్మబుద్ధవుతోంది.

నగరాల్లో చెట్ల గురించి 3-30-300 అని ఒక సూత్రం కూడా ఉంది: ఇంట్లోంచి 3 చెట్లు కనపడాలి, పేటలో 30 శాతం మేర చెట్ల గొడుగు ఉండాలి, 300 మీటర్ల లోపు పార్కుండాలి. బాగుంది. ఆ 300 మీటర్లూ నడిచే నాలాంటివాళ్లు మధ్యలో ఎక్కడ కూలబడాలో కూడా అందులో చేరిస్తే ఇంకా బాగుండేది.

పాత బెంచీలు ఏ గోదాములోనో పడి ఉంటాయి. ఓ రెండు తెప్పించి, గేటు పక్కన పెద్ద చెట్టు కింద ఎదురెదురుగా వేయించమని సంబంధిత అధికారులకు మీ పత్రిక ద్వారా మనవి. వేసిన రోజు ఆవిడను నేనే వెళ్లి పిలుచుకొస్తాను.

- ఓ రిటైర్డ్ టీచరమ్మ